పద్దెనిమిది వోల్టుల అన్నయ్య

అన్నయ్య ఆఖరుసారి చేసిన పని కూడా అదే. హాల్లో చాప మీద బోర్లా పడుకుని, చెల్లెలి గిటారు పెడల్‌కున్న తొమ్మిది వోల్టుల కరెంటు వైరు పీకేసి పద్దెనిమిది వోల్టులది గుచ్చాడు. "హమ్మయ్య, ఇప్పుడు ఊపిరాడుతుంది దీనికి" అన్నాడు. తలనొప్పిగా ఉందని లోపలికెళ్ళి పడుకున్నాడు. మరి లేవలేదు.

గిటారు గొంతు మార్చడానికి కాలి దగ్గర పెట్టుకునే ఆ పెడల్స్ మామూలుగా తొమ్మిది వోల్టులతో బతికేస్తాయి. ఆయన దృష్టిలో తొమ్మిదంటే పస్తు. అందుకే బ్యాండులో ఆయన పేరే పద్దెనిమిది. "పద్దెనిమిది టీ తాగాడా?" "లేదు, పద్దెనిమిదికి జలుబు చేసింది."

ఏ వస్తువు మీదైనా తొమ్మిది అని రాసి కనబడితే ఆయనకి జాలి పుట్టుకొచ్చేది. వీధి గుమ్మం కాలింగ్ బెల్ ఆ జాలికే బలైంది. మర్నాడు పేపరతను నొక్కితే అది పెట్టిన కేకకి అతను సైకిలు అక్కడే వదిలి పరిగెత్తాడు. బెల్ ఆ ఒక్క కేకతో కన్నుమూసింది.

"నువ్వు జాలిపడ్డదేదీ బతికి బట్టకట్టదు కదన్నయ్యా!" అంది చెల్లెలు.

తర్వాతి వంతు బ్యాండులో బేస్ వాయించే అతని ఎకో పెడల్‌ది. ప్రోగ్రాం మధ్యలో గుప్పున పొగ వచ్చింది. జనం అదీ పాటలో భాగమనుకుని చప్పట్లు కొట్టారు.

"ఇదేం పనండీ పద్దెనిమిదీ?"

"దానికి పడలేదన్నమాట. ముందే చెప్పొద్దూ?"

"పెట్టె ఎలా చెబుతుందండీ?"

"ఇప్పుడు చెప్పిందిగా!"

చెల్లెలి పెడల్‌కి మాత్రం ఏమీ కాలేదు. అయినా రిహార్సల్‌కి ముందు రోజూ గొడవే. ఆమె తొమ్మిది పెట్టుకోవడం, వాయించేలోపే ఆయన మార్చేయడం.

"నాది ముట్టుకోకు. కాలిందంటే ఊరుకోను."

"కాలదే. మూత విప్పి చూశాను, లోపలివన్నీ తట్టుకునేవే."

"అసలెందుకు పెంచడం?"

"తొమ్మిదైతే ఇరుకు. పద్దెనిమిదైతే చోటు."

"ఇల్లు కడుతున్నావా?"

ఆయన పోయాక వచ్చినవాళ్ళంతా మంచివాడన్నారు. ఆ మాటకి ఆమెకి ఒళ్ళు మండింది. మంచివాడైతే వారంగా తల పగిలిపోతోందని ఒక్కరికైనా చెప్పేవాడు. కనబడ్డ ప్రతి పెట్టె మూతా విప్పి చూసిన పెద్దమనిషి తన తల మాత్రం ఏ డాక్టరుకీ చూపించుకోలేదు.

ఆ కోపంతోనే మొదటి రిహార్సల్‌లో పద్దెనిమిది వైరు పీకి అవతల పారేసింది. పోయినవాడి పిచ్చి తనకెందుకు? పుస్తకాల్లో రాసినట్టు తొమ్మిదే పెట్టింది.

మొదటి దెబ్బకే గిటారు గొంతు చిరిగింది. మళ్ళీ కొట్టింది. మళ్ళీ బొంగురు. మీట ఎటు తిప్పినా అంతే. బ్యాండు నడిపే మాస్టారు పాట ఆపేశారు.

"రేపే ప్రోగ్రాం అమ్మా. ఇలాగైతే నీ బదులు ఇంకొకర్ని పిలవాల్సి వస్తుంది. చెయ్యి కాస్త తేలిగ్గా వెయ్యి. నీది మరీ బరువు చెయ్యి."

ఆమె తెల్లబోయింది. "ఇన్నేళ్ళూ ఆ మాట ఎప్పుడూ అనలేదేం మాస్టారూ?"

"మొదటి రోజే అనబోయాను. మీ అన్నయ్య నన్ను మూలకి లాక్కెళ్ళాడు. 'అది మా అమ్మ చెయ్యి మాస్టారూ, ఆ దెబ్బలు తిని పెరిగినవాణ్ణి, తగ్గదు. దాన్నేమీ అనకండి, కుంచించుకుపోతుంది. అది ఎంత గట్టిగా కొట్టినా గిటారు గొంతు పగలనంత చోటు నేను చేసిస్తా'నన్నాడు. మర్నాడు పద్దెనిమిది పట్టుకొచ్చాడు."

ఆమె వంగి, మూలన పడి ఉన్న ఆ వైరు వెతికి తీసింది.

"అది నీకొక్కదానికే పెడితే అనుమానమొస్తుందని మా అందరివీ కాల్చాడమ్మా, తర్వాత నా దగ్గర ఒప్పుకున్నాడు" అన్నాడు వెనకనించి బేస్ వాయించే అతను. "నా ఎకో పెడల్ పోయింది అందుకే."