కరెంటు అనే మాట

నరసరావుపేటలో నేను నర్సుగా పనిచేసే వార్డులో మధ్యాహ్నం ఫ్యాన్లన్నీ ఒక్కసారిగా ఆగిపోతాయి. ఫినాయిల్ వాసన గుప్పుమంటుంది. ఎవరో ఒకరు విసనకర్ర కోసం వెతుక్కుంటూ "కరెంటు పోయింది" అంటారు. అందరూ రోజూ అనే మాటే. నా నోటికి మాత్రం రాదు. "లైట్లు పోయినయ్" అంటాను. తోటి నర్సులు నవ్వుతారు, నవ్వనీ. వాళ్ళు కరుణ టీచరుగారి దగ్గర చదువుకోలేదు.

ఆవిడ సాగర్ డ్యాం దగ్గర విజయపురి సౌత్ బడిలో మాకు ఇంగ్లీషు చెప్పేవారు. ఒక మాట దొరికితే చాలు, దాని పుట్టుపూర్వోత్తరాలు తవ్వి తీసేదాకా వదిలేవారు కాదు. మాకు విసుగు. పరీక్షల్లో రాని సంగతులు మాకెందుకని వెనక బెంచీలో గొణుక్కునేవాళ్ళం. ఎనిమిదో తరగతిలో ఒకరోజు బోర్డు మీద కరెంట్ అని రాసి అర్థం అడిగారు. ఇంత తేలిక ప్రశ్నా అనుకుంటూ అందరం కలిసి విద్యుత్తు అన్నాం.

"అది చివరాఖర్న పుట్టిన అర్థం. లాటిన్‌లో పరిగెత్తటం అనే మాట నుంచి వచ్చింది ఇది. తీగల్లో కరెంటు పారక ముందు నుంచీ నీళ్ళ వడిని కరెంట్ అనేవాళ్ళు. మనం వెనకొచ్చినదాన్ని ముందు నేర్చుకున్నాం" అన్నారు. తర్వాత కిటికీ వైపు తిరిగి, మాకు తెలియని సంగతి ఒకటి చెప్పారు.

ఆవిడకు జోసెఫ్ అని ఒక్కడే కొడుకు. కొన్నేళ్ళ కిందట ఎండాకాలం సెలవుల్లో స్నేహితుడితో కలిసి సాగర్ కాలువ దగ్గరికి వెళ్ళాడు. గట్టు మీద ఎర్రరంగుతో ఇంగ్లీషులో రాసిన బోర్డు ఉంది: డేంజర్, స్ట్రాంగ్ కరెంట్. జోసెఫ్ ఆగి, అక్షరాలు కూడబలుక్కుని చదివాడు. "పొద్దుట్నుంచి కరెంటు లేదుగా. ఏం గాదు, రారా" అని దూకాడు. స్నేహితుడు గట్టు మీదే ఉండిపోయాడు కాబట్టి ఆ మాట ఇంటికి చేరింది.

"చదువు రానోడైతే ఆ ఎర్రరంగు చూసన్నా భయపడేవోడు. మావోడు చదివాడు. చదవటం నేర్పింది నేనే" అన్నారు టీచరుగారు. ఏడవలేదు. మేమే ఏడ్చాం. గంట కొట్టినా ఎవరం కదలలేదు.

ఆ తర్వాత మాకు విసుగు పోయింది. పాఠం అయ్యాక "అర్థమైందా" అని ఆవిడ అడగరని కూడా అప్పుడే గమనించాను. "అర్థమైందని తలకాయలు ఊపమాకండి. ఏం అర్థమైందో చెప్పండి" అనేవారు. ఒక్కొక్కరూ లేచి చెప్పేసరికి పీరియడు అయిపోయేది, సిలబస్ మిగిలిపోయేది. హెడ్మాస్టరుగారి చేత మాటలు పడేవారు గాని పద్ధతి మార్చుకోలేదు.

మా నాన్న కాలువ మీద లస్కరు, అంటే తూముల దగ్గర కాపలా పని. తెలుగు బోర్డు పెట్టించమని టీచరుగారు ఆఫీసు చుట్టూ తిరగడం ఆయన కళ్ళారా చూశాడు. చివరికి ఒక ఇంజనీరుగారు ఒప్పుకుని "జాగ్రత్త వహించండి అని రాయిస్తాం మేడం" అన్నారట. "వహించటమంటే మా పిల్లలకి తెలవదు సార్. నీళ్ళు లాక్కుపోతయ్, దిగమాకండి అని రాయండి" అన్నారట ఈవిడ. బోర్డు మీద అలాంటి భాష బాగుండదని ఆయన నసిగినా, ఆ మాటలే రాయించారు. నాన్నే గుంట తీసి పాతాడు.

నేను ఉద్యోగంలో చేరాక టీచరుగారు జబ్బుపడ్డారు. చివరిసారి చూడబోయినప్పుడు మంచంలోంచే పాఠం చెప్పారు. "కరెంట్‌కి ఇంకో అర్థం ఉందే అమ్మాయ్. ఆ రోజు మీకు చెప్పలా, చెప్తే ఏడుస్తానని. ఇప్పుడు నడుస్తున్నది అని అర్థం." కాసేపు ఊపిరి తీసుకున్నారు. "మావోడు పోయిన రోజు నాకింకా నడుస్తానే ఉంది. చానామంది మర్చిపొమ్మన్నారు. ఎట్టా మర్చిపోతా?" ఆవిడ చెయ్యి పట్టుకుని కూర్చున్నాను. ఆ వారమే వెళ్ళిపోయారు. అంత కష్టం మోసిన మనిషికి ఒక్క ఓదార్పు మాట చెప్పలేకపోయానన్న దిగులు నాకు ఇప్పటికీ ఉంది.

నిన్న మాచవరం నుంచి వచ్చిన ఒక తల్లికి, బిడ్డ చెవిలో వేయాల్సిన చుక్కల మందు ఇచ్చి ఎలా వాడాలో చెప్పాను. "అర్థమైంది సిస్టరూ" అని లేవబోయింది. బయట బస్సు తప్పిపోతుందని ఆమె తొందర. "ఏం అర్థమైందో చెప్పమ్మా" అన్నాను. "పొద్దున రెండు చుక్కలు, మాపున రెండు చుక్కలు, పాలల్లో కలిపి తాపాలి" అంది. ఆమెను మళ్ళీ కూర్చోబెట్టి, సీసా చేతిలో పెట్టి, బిడ్డ చెవి చూపిస్తూ మొదటి నుంచి చెప్పాను. చెబుతున్నంతసేపూ నేనెన్నడూ చూడని జోసెఫే కళ్ళ ముందు ఉన్నాడు. ఆ బోర్డు చదివి నిలబడ్డప్పుడు, నీకేం అర్థమైందిరా అని వాణ్ణి అడగడానికి గట్టు మీద పెద్దవాళ్ళెవరూ లేరు.