రేకు మీద ఆకాశం

మా పెరట్లో స్నానం చేసే మూలకు పైకప్పు ఉండేది కాదు. మూడు వైపులా నిలువెత్తు నాపరాళ్ళు, నాలుగో వైపు గోనెపట్టా పరదా, పైన ఎండ. రాయచూరు పాత ఊళ్ళో చాలా ఇళ్ళల్లో అంతే. అమ్మ ముగ్గుపిండి అమ్ముతుంది. రాయి దంచి, జల్లించి, పెరట్లో గుడ్డ మీద ఆరబోసి, ఒంటికి పట్టిన తెలుపు పోయేదాకా స్నానం చేస్తుంది.

ఒక పొద్దున ఆమె తల రుద్దుకుంటుంటే పైన డ్రోన్ చప్పుడైంది. వెనక వీధిలో కల్యాణమంటపం ఉంది కాబట్టి ఆ చప్పుడు మాకు అలవాటే. "పెండ్లోళ్ళకు సిగ్గు లేదు" అని తిట్టుకుని, మోకాళ్ళ మధ్య తల దూర్చి కూర్చుంది. అది కదల్లేదు. చాలాసేపు అక్కడే నిలిచింది.

ఆమె చీర చుట్టుకుని తడిజుట్టుతో బయటికి వచ్చేసరికి పోలీసులు పెరట్లో ఉన్నారు. వారంటు అన్న మాట ఎవరి నోటా రాలేదు. డ్రోన్ వాళ్ళదేనట, పైనుంచి గుడ్డ మీద తెల్లగా కనిపించిందట, కల్లులో కలిపే మత్తుమందేమోనని వచ్చారట. ఒకాయన చిటికెడు తీసి వాసన చూశాడు.

"ముగ్గుపిండి సార్. మీ ఇంటి ముందర గూడ ఇదే ఏస్తరు" అంది అమ్మ.

వాళ్ళు నవ్వి వెళ్ళిపోయారు. గుడ్డ మీద బూట్ల గుర్తులు మిగిలాయి. నాకు కోపం రావాల్సింది, రాలేదు. అమ్మ సాయంత్రం దాకా జల్లిస్తూనే కూర్చుని, చివరికి ఒక్కటే అడిగింది.

"బిడ్డా, గాళ్ళ ఫోన్ల నేను ఉన్ననా?"

వీడియో చెరిపెయ్యమని స్టేషన్‌లో అడిగితే అది పై ఆఫీసుకు పోయింది, మా చేతిలో లేదన్నారు. అమ్మను తీసుకుని ఊళ్ళోని ఒక వకీలు దగ్గరికి వెళ్ళాను.

"ఇల్లు సోదా చెయ్యాలంటే వారంటు ఉండాలె, లేకుంటే కారణమన్న రాసి పెట్టాలె" అన్నాడాయన. "గోప్యత ప్రాథమిక హక్కని సుప్రీంకోర్టే చెప్పింది. గాని మీదికెళ్ళి డ్రోన్‌తోని చూసుడు సోదా అయితదా కాదా, నాకు తెలిసి ఇంక తేలలే."

"మా ఇంటి మీది ఆకాశం మాది గాదా, వకీల్ సాబ్?" అంది అమ్మ.

"గదే కోర్టును అడుగుదాం. ఇప్పుడు ఒంటి వేడిని పట్టి చూసే కెమెరాలు గూడ వస్తున్నయి. మీ కేసు మస్తు పనికొస్తదమ్మా." ఆయన ముఖం వెలిగిపోయింది. నాకేమీ అనిపించలేదు. "ముందుగాల ఆ వీడియో చెరపొద్దని అర్జీ పెట్టాలె. మనకు సాక్ష్యం అదే."

అమ్మ ఆయన్ని అలాగే చూసింది. "చెరిపెయ్యమని అడగనీకొస్తిమి. చెరపొద్దని ఏలిముద్ర ఎయ్యాల్నా?"

"జడ్జిగారు చూస్తేనే గదమ్మా, చెరపమని చెప్పేది."

ఆమె వేలిముద్ర వెయ్యలేదు, వద్దనీ అనలేదు. అర్జీ ఇంకా వకీలు దగ్గరే ఉంది.

వకీలును కలిసిన మర్నాడే నాపరాళ్ళ మీద రేకు పరిపించాను. లోపల చీకటైంది, పగలే బల్బు వెయ్యాల్సి వస్తోంది. అమ్మ చీరతోనే లోపలికి పోతుంది, చీర మీదే నీళ్ళు పోసుకుంటుంది. పోసుకునే ముందు నన్ను పిలుస్తుంది.

"బిడ్డా, మీద ఏమన్న ఉన్నదా జూడు."

"రేకు ఉన్నదమ్మా."

"రేకు మీద జూడు."

నిచ్చెనెక్కి చూస్తాను. రోజూ చూస్తాను. ఎండ, ఖాళీ ఆకాశం.

"ఏం లేదమ్మా" అంటాను. అప్పుడు గాని లోపల చెంబు చప్పుడు వినిపించదు.