యాడికి దారిలో నాలుగు ప్లగ్గులు

మా అక్క కూతురు సుజాతకు అనంతపురంలో ఒక ఆసుపత్రి నుంచి నర్సు ట్రైనింగు ఇంటర్వ్యూకు పిలుపు వచ్చింది. మధ్యాహ్నం పన్నెండు లోపల హాజరు కావాలి. వాళ్ల ఊరు యాడికి వచ్చి నా కారులో తీసుకుపోతానని మాటిచ్చాను. నేను అనంతపురంలో లెక్కల మాస్టారిని. ఆ పాత పెట్రోలు కారు కొని అప్పటికి రెండు నెలలు. మా వైపు సెల్‌ఫోన్లు ఇంకా రాని రోజులు.

ముందురోజు సాయంత్రం మెకానిక్ మస్తాన్ నాలుగు స్పార్కు ప్లగ్గులూ విప్పి గుడ్డ మీద వరుసగా పెట్టాడు. రెండింటి మొనలు కాఫీపొడి రంగులో ఉన్నాయి. మిగతా రెండూ నల్లగా, జిడ్డుగా తడిసి ఉన్నాయి.

"కాఫీ రంగుంటే ఇంజను బాగుండాదని, సార్. పొడి మసి పడితే పెట్రోలు ఎక్కువ తాగుతాందని. తెల్లగా కాలింటే వేడెక్కుతాందని. ఇది ఆయిలు జిడ్డు. పిస్టన్ రింగులు అరిగిపోయి ఆయిలు పైకొస్తాంది. కొత్త ప్లగ్గులేసినా కొంచేపే. దూరం పోవద్దు."

అంగడి ముందు నలుగురున్నారు. "రింగులని చెప్పి ఇంజను విప్పించాలని చూస్తాండావా? ప్లగ్గులు మార్చు, చాలు" అన్నాను. మస్తాన్ జిడ్డు పట్టిన ఆ రెండూ మార్చేశాడు.

ఉదయం ఐదుకు బయలుదేరాను. తాడిపత్రిలో ఉగ్గాని, బజ్జి తిని ఏడున్నరకు యాడికి చేరాను. బండి చక్కగా నడిచింది. మస్తాన్ మాట అబద్ధమని తేలిపోయినట్టే అనిపించింది. సుజాత సర్టిఫికెట్ల సంచి పట్టుకొని అప్పటికే గడపలో నిలబడి ఉంది.

"మామా, ఎనిమిది గంటల బస్సుకు పోతే పదకొండుకంతా ఆడుంటాం గదా" అంది.

"సొంత మామకు కారుండగా బస్సేంటికి?" అన్నాను. అక్క నవ్వింది. అక్క పెట్టిన టిఫిను మళ్లీ తినేలోగా బస్సు వెళ్లిపోయింది.

తాడిపత్రి దాటాక కారు ఎగిరెగిరి పడసాగింది. అద్దంలో చూస్తే వెనక నీలం పొగ. తొమ్మిదిన్నరకు ఆగిపోయింది. ప్లగ్గులు విప్పాను. కొత్త రెండూ నల్లగా, జిడ్డుగా తడిసి ఉన్నాయి. ఉప్పుకాగితంతో రుద్ది బిగిస్తే నాలుగు కిలోమీటర్లు నడిచింది. మళ్లీ రుద్దాను. ఈసారి కదల్లేదు. ఆ దారిన వెళ్లేవారికి ఒక మాట: అక్కడ నీడా దొరకదు, మెకానిక్కూ దొరకడు. రెండు వైపులా ఎండిన వేరుశనగ చేలే.

వచ్చిన ఒక్క బస్సూ కిక్కిరిసి ఆపకుండా పోయింది. పదకొండు దాటాక నాపరాళ్ల లారీ ఒకటి ఆగింది. "ఎక్కమ్మా, బరువు బండి, నిదానంగా పోతాది" అన్నాడు డ్రైవరు. కారుకు తాళం వేసి ఎక్కాం. దారి పొడవునా సుజాత నా చేతి గడియారం వైపే చూసింది.

ఆసుపత్రికి చేరేసరికి ఒంటిగంట. గుమాస్తా ఫైలు కట్టేస్తున్నాడు. "పన్నెండుకే అయిపాయ కదమ్మా" అన్నాడు. నేను బతిమాలాను. ఆయన పైవాళ్లను అడిగి వచ్చి తల అడ్డంగా ఊపాడు.

మూడు గంటల బస్సులో సుజాతను తిరిగి యాడికి తీసుకెళ్లాను. తిరుగు ప్రయాణం బస్సులోనేనని పొద్దునే చెప్పాం కాబట్టి, అక్క బస్టాండులోనే కాచుకొని ఉంది.

"ఏమాయె పాపా, సీటొచ్చిందా?"

నేను నోరు తెరిచేలోగానే సుజాత చెప్పింది: "లేదుమ్మా. తాడిపత్రిలో స్నేహితురాలింటికాడ కారాపిచ్చి నేనే లేటు జేసినా. మామ తప్పేం లేదు."

"అంత దూరం నాయనట్ల మామ వస్తే, నువ్వు స్నేహితురాలింటికి పోతివా?" అని అక్క అందరి ముందూ అరిచింది. సుజాత తల వంచుకుంది. కాదక్కా, నేనే అని ఒక్క మాట అనడానికి నాకు నోరు రాలేదు. ముందురోజు నలుగురి ముందు అంత గట్టిగా మాట్లాడినవాణ్ణి.

మరుసటేడు ఆ కుటుంబం కూలికి బెంగళూరు వెళ్లిపోయింది. సుజాత అక్కడ బట్టల ఫ్యాక్టరీలో కుడుతోందని విన్నాను.

సుజాతను దించిన ఆ సాయంత్రం, తిరిగి అనంతపురం బస్సులో ఒంటరిగా కూర్చున్నాను. పక్కనున్న రైతు "ఏమప్పా, ఒంట్లో బాగలేదా?" అని అడిగాడు. "బాగానే ఉండా" అన్నాను. ఆ రోజు నేను ఆడిన అబద్ధం అదొక్కటే. నా తరఫున ఆ పిల్ల ఆడిన అబద్ధం మాత్రం ఇప్పటికీ మా అక్కకు నిజమే.