ఆరు సంతకాలు

ఆ పొద్దున అండాలమ్మకు ఒళ్లు మండిపోయింది. ఎల్బీనగర్‌లో ఆమె కుట్టుమిషను పెట్టుకున్న ముందుగదికే, మామూలు మందులకు లొంగని క్షయ పట్టుకున్న బక్కయ్య రోజూ వచ్చి ఆమె కళ్లెదుట మాత్రలు మింగి వెళ్తాడు. రెండేళ్ల వైద్యం; సర్కారు దవాఖాన ఇచ్చే మందులు దగ్గరుండి మింగించే వాలంటీరు ఆమె. మింగాక నోరు తెరిపించి, నాలుక కింద కూడా చూసి, అప్పుడు గానీ అతని కార్డు మీద టిక్కు పెట్టదు.

ఆ పద్ధతి మీద ప్రాజెక్టు చేస్తామంటూ దిల్‌సుఖ్‌నగర్ కాలేజీ పిల్లలు నలుగురు వచ్చారు. ఆరు రోజులు కళ్లారా చూసి, రోజుకో కాగితం రాసి, ఆమె సంతకం తీసుకోవాలట. మొదటిరోజే వాళ్లలో వినయ్ అనేవాడు ఆరు తెల్లకాగితాలు ఆమె ముందు పరిచాడు.

“ఆంటీ, అన్నిటి మీదా ఇప్పుడే సంతకం పెట్టేయండి. సకల జనుల సమ్మె కదా, బస్సుల్లేవు. మిగతాది ఇంటి దగ్గర రాసుకుంటాం.”

“గీ బక్కయ్య సుత గిట్లనే అడిగిండు! వారం గోలీలు ఒక్కసారే ఇయ్యి, ఇంట్ల మింగుత అని. తెలంగాణ నాక్కూడ కావాలె. గని గోలీలకు సమ్మె లేదు. రోగమున్నోడు వనస్థలిపురం నుంచి నడిచొస్తుండు, నీకేం రోగం?”

ఆ రోజు చూసింది అక్కడే రాయించి, ఆ ఒక్క కాగితం మీద సంతకం గీకి, మిగతా ఐదూ వాడి చేతిలో కుక్కింది.

మర్నాటి నుంచి ముగ్గురు పత్తా లేరు. వినయ్ ఒక్కడే మూతి ముడుచుకుని సైదాబాద్ నుంచి నడిచొచ్చేవాడు. రాసిందంతా చదివించుకుని గానీ ఆమె పెన్ను పట్టేది కాదు.

ఆరోరోజు బక్కయ్య వెళ్లిపోయాక, వినయ్ చదవడం ముగించాడు. ఆఖరి కాగితం అందుకుంటూ ఆమె అలవాటు కొద్దీ, “నోరు తెరువ్” అంది.

వినయ్ తెరిచాడు. నాలుక కూడా ఎత్తాడు.