ముందు నీళ్లు, తర్వాతే ఆముదం

పిడుగురాళ్ల సున్నం బట్టీల్లో పనిచేసే ఆడవాళ్లలో పుల్లమ్మ ఆముదం ఎరగనివాళ్లు లేరు. గింజలు వేయించి, రోట్లో దంచి, ఆ ముద్దను నీళ్లలో కాచి, పైకి తేలిన నూనెను గరిటెతో తీసి, చెమ్మ పోయేదాకా మళ్లీ కాస్తుంది. పనిలోకి పోయేముందు కాళ్లకూ చేతులకూ అదే పట్టించుకుంటుంది. మడమలు పగిలినవాళ్లు, వేళ్ల సందులు ఒరుసుకుపోయినవాళ్లు చిన్న సీసా పట్టుకుని ఆమె గుమ్మంలోకి వస్తారు.

అందుకే ఆ వేసవి మధ్యాహ్నం రెబ్కా చేతిమీద సున్నం పడగానే అందరూ ఆముదం కోసమే వెతికారు. రెబ్కా పుల్లమ్మ కోడలు. ఇంట్లో జాకెట్లు కుడుతుంది. అత్తకు అన్నం క్యారేజీ ఇద్దామని వచ్చి సున్నం తడిపే తొట్టి పక్కగా నడుస్తుంటే, ఉడుకుతున్న సున్నం చిమ్మి కుడిచేతి మీద పడింది. ఎవరో పుల్లమ్మ సంచిలోంచి సీసా తీసి మూత కూడా విప్పారు.

పుల్లమ్మ ఆ సీసా లాక్కుంది.

“నూనె వద్దు. ముందు నీళ్లు.”

వాళ్లు నమ్మలేనట్టు చూశారు. పుల్లమ్మ చీర కుచ్చిళ్లు పైకెత్తి ఎడమపాదం చూపించింది. పాదం మీద గోళీకాయంత గుంట. పెళ్లయి బట్టీకి వచ్చిన కొత్తలో సున్నం పడితే కడక్కుండా ఆముదం పూశానంది. నూనె కింద సున్నం ఉండిపోయి కండను తినేసింది. రాయి పడిందని ఇన్నేళ్లూ అందరికీ చెప్పుకొచ్చింది. నిజం తెలిస్తే తన ఆముదం ఎవరు ముట్టుకుంటారని భయం.

పుల్లమ్మ కోడలి గాజులు తీసేసి, ఆ చెయ్యి నీళ్ల ట్యాంకరు పైపు కింద పెట్టి పట్టుకుంది. రెబ్కా గింజుకుంది, తిట్టింది. పనికి తెచ్చిన నీళ్లు అయిపోతున్నాయని మేస్త్రీ జయరావు అరిచాడు. పుల్లమ్మ తల తిప్పలేదు. అరగంట దాకా ధార పోయించి, అప్పుడు ఆటో ఎక్కించింది. కడగడం మంచిదైందని, లేకపోతే వేళ్లకే ముప్పు వచ్చేదని ఆసుపత్రిలో డాక్టరమ్మ చెప్పింది.

మర్నాడు పుల్లమ్మ తొట్టి దగ్గర ఎప్పుడూ నిండుగా ఒక నీళ్ల డ్రమ్ము ఉండాలని జయరావుని అడిగింది. చూద్దామన్నాడు. వారం చూసింది. సోమవారం పొద్దున పదకొండు మంది ఆడవాళ్లతో బట్టీ గేటు ముందు కూర్చుంది. ఎండ నెత్తికెక్కేలోపు డ్రమ్ము వచ్చింది.

నెలన్నరకు పుండు మానింది గానీ కొత్త చర్మం బిగుసుకుని రెబ్కా రెండు వేళ్లు లోపలికి ముడుచుకుపోయాయి. కత్తెర పట్టు దొరకడం లేదు. పుండు పూర్తిగా ఆరింది కాబట్టి ఇక నూనె రాయవచ్చని, రోజూ వేళ్లు చాపి ముడవాలని డాక్టరమ్మ చెప్పింది. అప్పుడు తీసింది పుల్లమ్మ ఆముదం సీసా.

పొద్దునా సాయంత్రం కోడల్ని ఎదురుగా కూర్చోబెట్టుకుని, మచ్చ మీద నూనె పట్టించి, ఒక్కో వేలూ మెల్లగా సాగదీసేది. నొప్పికి రెబ్కా కళ్లనీళ్లు పెట్టుకునేది. ఒకరోజు చెయ్యి వెనక్కి లాక్కుని, కుట్టు మిషను అమ్మేద్దాం అత్తా, నా వల్ల కాదు అంది.

“ఏడిస్తే ఏడువు. వేళ్లు మాత్రం ఇటియ్యి,” అంది పుల్లమ్మ.

వానాకాలం అలాగే గడిచింది. చలి మొదలయ్యేసరికి రెబ్కా కత్తెర పట్టింది. మొదటి గుడ్డ వంకరగా తెగింది, రెండోది కొంచెం నయం. క్రిస్మస్‌కు ఆరు జాకెట్లు కుట్టి ఇచ్చింది.

చిటికెన వేలు ఇంకా పూర్తిగా తిన్నగా రావడం లేదు. పుల్లమ్మ పని నుంచి వచ్చి కాళ్లు కడుక్కోగానే సీసా అందుకుంటుంది. రెబ్కా ఇప్పుడు పిలిపించుకోకుండానే వచ్చి చెయ్యి చాపుతుంది.