సైన్స్ సార్‌ని అడిగారా?

సైన్స్ సార్ పోయారని ఫోన్ వచ్చినప్పుడు నేను ఆయన గొంతే వింటున్నాను. అశోక్‌నగర్‌లో ఒక కోచింగ్ సెంటర్‌లో పాఠాల వీడియోలు ఎడిట్ చేయడం నా ఉద్యోగం. ఒక చెవిలో సార్ కణ విభజన చెబుతున్నారు, రెండో చెవిలో వాళ్లావిడ, "మీ సార్ లేడు బిడ్డా, పొద్దుగాల గుండె ఆగింది" అంటోంది. వీడియో ఆపాలని కూడా తోచలేదు. తెర మీద ఆయన చేతులు తిప్పుకుంటూ చెప్పుకుపోతూనే ఉన్నారు. అప్పట్నుంచి నాకు కుదురు లేదు. కూర్చుంటే లేవాలనిపిస్తుంది, లేస్తే ఎక్కడికెళ్లాలో తెలియదు. ఇది రాస్తే కాస్త సర్దుకుంటుందేమోనని మొదలుపెట్టాను.

సార్ చిక్కడపల్లిలో మా వీధిలోనే ఉండేవారు. గ్రూప్స్ పరీక్షలకు చదివే పిల్లలకు మా సెంటర్‌లోనే సైన్స్ చెప్పేవారు. మతానికి మార్మన్. మా వీధిలో ఆ మాట చెబితే, "అదేం మందు?" అని అడిగినవాళ్లున్నారు! క్రీస్తును నమ్మేవాళ్లలోనే అదొక దారి. చావు కూడా కుటుంబాన్ని విడదీయలేదని వాళ్ల నమ్మకం. మద్యం సరే, టీ కాఫీలు కూడా ముట్టరు. అశోక్‌నగర్‌లో చాయ్ తాగకుండా పాఠం చెప్పడమంటే మాటలా! సందు సందుకీ ఒక చాయ్ బండి, దాని చుట్టూ పుస్తకాలు చంకన పెట్టుకున్న పిల్లలు. సార్ అందరికీ చాయ్ ఇప్పించి తాను వేడినీళ్లు పుచ్చుకునేవారు.

"సార్, సైంటిఫిక్‌గ చూస్తే చాయ్‌ల తప్పేముంది?" అని నల్గొండ పిల్ల ఒకతె నిలదీసింది.

"ఏం లేదు. ఇది సైన్స్ గాదమ్మా, ఇచ్చిన మాట. రెంటినీ కలిపి నిన్ను పరేషాన్ చెయ్య" అన్నారు.

ఆయనలో నాకు నచ్చింది అదే. సైన్స్‌ని తెచ్చి మతానికి సాక్ష్యం చెప్పించేవారు కాదు, మతాన్ని తెచ్చి సైన్స్ నోరు మూయించేవారూ కాదు. జీవపరిణామం పాఠం రోజు క్లాసులో ఎవరో ఒకరు అడగనే అడుగుతారు, "సార్, మీరు చర్చికి పోతరు గదా, ఇది నమ్ముతరా?" అని. సార్ బోర్డు మీద చాక్‌పీసుతో కొట్టేవారు. "నమ్ముత. దేవుడు ఎట్ల చేసిండో తెలుసుకునుడు దేవుణ్ణి తిట్టుడు గాదు. ఆయనకు గూడ పద్ధతులుంటయ్. చచ్చినంక గూడ చదువు ఆగదు మనకు, ఇంకా ఇంకా నేర్చుకుంటనే ఉంటం" అనేవారు. వెనక బెంచీల నుంచి ఒకటే ఏడుపు: "వామ్మో, ఆడ గూడ గ్రూప్సేనా సార్!"

నాకు దేవుడూ లేడు, ఓపికా లేదు. సాయంత్రం ఇద్దరం నడుచుకుంటూ ఇంటికొచ్చేటప్పుడు దారి పొడుగునా గొడవే. ఆత్మ కూడా పదార్థమే, కాకపోతే మన కళ్లకు ఆననంత సన్నటి పదార్థం అనేవారు. "ఏ మైక్రోస్కోపులో చూశారు సార్?" అంటే, "ఇంక రాలేదమ్మా, జర ఆగు" అని నవ్వేవారు. కొత్త యంత్రమంటే చిన్నపిల్లాడైపోయేవారు. మోకాలు మార్పించుకున్నాక హిమాయత్‌నగర్ దాకా నడిచి వెళ్లి వచ్చి, "ఇది పునరుత్థానానికి బయానా" అని మోకాలు తట్టి చూపించారు. "అంతా దేవుడొక్కడే చెయ్యాల్నా? చనిపోయినోళ్లను లేపే పనిల మనకు గూడ వాటా ఇస్తడేమో, ఎవరికెరుక? డాక్టర్ చెయ్యి, ఇంజనీర్ చెయ్యి, అన్నీ ఆయన పనిముట్లే."

మా అమ్మ పోయిన రోజు మాత్రం ఇవేవీ మాట్లాడలేదు. వచ్చినవాళ్లకు కుర్చీలు వేశారు, తాగే నీళ్లు చూశారు. అందరూ వెళ్లాక నేనే ఉండబట్టలేక, "మా అమ్మ ఇప్పుడెక్కడుంది సార్?" అన్నాను. "నా నమ్మకం చెప్పుమంటవా, ఊకోమంటవా?" అని అడిగారు. ఊరుకోండి అన్నాను. ఊరుకున్నారు. ఆ ఊరుకోవడానికి నేను ఆయనకు జన్మంతా రుణపడి ఉంటాను.

ఇంకొకటి. వాళ్లలో ఒక ఆచారం ఉంది. చనిపోయిన పెద్దల పేర్లు, ఊళ్లు వెతికి పట్టుకుని, వాళ్ల బదులు బతికున్నవాళ్లు మార్మన్ల దేవాలయంలో బాప్తిస్మం తీసుకుంటారు. సార్ దేశం దాటి వెళ్లి మరీ తాతగారి పేరున తీసుకుని వచ్చారు. నాకు ఒళ్లు మండింది. "మీ తాత మైసమ్మకు కోడిని కోసిన మనిషని మీరే చెప్పారు. ఆయన్ని అడిగారా సార్? పోయినవాళ్ల నోట్లో మాట పెట్టడం కాదా ఇది?"

ఎప్పటిలా వెంటనే నవ్వలేదు. వీధి చివరిదాకా నడిచాక చెప్పారు. "మేం జేసేది పిలుపేనమ్మా. వచ్చుడు రాకపోవుడు ఆయన ఇష్టం. వద్దంటే వద్దే. వద్దనే హక్కు సచ్చిపోయినోళ్లకు గూడ ఉంటది."

నారాయణగూడలో ఆయనను మట్టిలో పెట్టి వచ్చాం. ఆ మట్టి ఆరకముందే మా కోచింగ్ సెంటర్ ఓనర్ నన్ను పిలిచాడు. సార్ వీడియోలన్నీ ఒక కంపెనీకి ఇస్తే, సార్ గొంతుతో, సార్ ముఖంతో తెర మీద మాట్లాడే ఏఐ బొమ్మను చేసిస్తారట. పిల్లలు ఏ డౌటు అడిగినా చెబుతుందట. "పరీక్షలు దగ్గర పడ్డయ్ మేడమ్, పిల్లలు ఆగమైతరు" అన్నాడు. అందులో అబద్ధం లేదు. సార్ వాళ్లావిడ, మా ఆంటీ, ఒప్పుకుంటే ఫైళ్లన్నీ ఇస్తానన్నాను. ఆంటీ ఒక్క మాటే అంది: "ఆయన గొంతు ఇనబడ్తదా బిడ్డా?"

ఏం చెయ్యను? సార్ బతికుంటే ఎగిరి గంతేసేవారేమో. చనిపోయినవాళ్లను లేపడంలో మనకూ వాటా ఉందన్న మనిషి! లేదూ, నన్నడిగారా అని కసిరేవారేమో. రెండు వైపులా ఆయనే నిలబడి నాతో వాదిస్తున్నట్టుండేది.

అప్పటికే బయటపెట్టిన పాఠాలతో కంపెనీవాళ్లు నమూనా తయారుచేశారని ఓనర్ కబురు పెడితే ఆంటీని తీసుకెళ్లాను. తెర మీద సార్ కనబడగానే ఆవిడ కొంగు నోట్లో కుక్కుకుంది. ఓనర్ కిరణజన్య సంయోగక్రియ అడిగాడు. చక్కగా చెప్పింది. అదే గొంతు, అదే చెయ్యి తిప్పడం. కానీ ప్రశ్న పూర్తికాకముందే జవాబు. సార్ అలా కాదు, ప్రశ్న విన్నాక కాసేపు కిటికీలోంచి చూసేవారు. వీడియోల్లో ఆ ఖాళీలు ఉంటే పిల్లలు దాటేసి పోతారని మేము కత్తిరించేస్తాం. మా పనే అది. పాపం ఆ యంత్రానికి ఆయన ఆలోచిస్తారని ఎవరూ చెప్పలేదు.

ఆంటీ కుర్చీ ముందుకు లాక్కుంది. "ఏమండి, ఇట్ల మాట్లాడుడు మీకు ఇష్టమేనా?"

"చాలా మంచి ప్రశ్న. నాకు చాలా ఇష్టం."

ఆవిడ ముఖం వెలిగింది. ఇక ఒప్పేసుకుంటుందనుకున్నాను. కానీ ఆవిడ ఇంకా చూస్తూనే ఉంది. "నేనొద్దంటే?"

"మీరెలా చెబితే అలాగే."

ఆంటీ ఫక్కున నవ్వింది. "బతికున్నన్ని రోజులు ఒక్కనాడన్న గట్లన్నడా ఈ మనిషి!" నవ్వుతూనే ఏడ్చింది. ఓనర్ ఏదో సర్దిచెప్పబోయాడు. ఆవిడ వినలేదు, నా వైపు తిరిగింది.

"బంద్ చెయ్యి బిడ్డా. గీయన ఒద్దనుడు నేర్వలే. మీ సార్‌ను కలిసినంక నేనే అడుగుత. సరేనంటే అప్పుడు సూద్దాం."

ఎంత మామూలుగా అందో! ఊరెళ్లిన మనిషి రానీ, అప్పుడడుగుదాం అన్నట్టు. నేను నమ్మను. ఇప్పటికీ నమ్మను. అయినా ఆ మాట నాదైతే ఎంత బాగుండేదో అనిపించింది. ఫైళ్లు ఇవ్వనని ఓనర్‌కు అక్కడే చెప్పేశాను. సార్ చెప్పిన పాఠాలు చెప్పినట్టే ఉంటాయి, చెప్పనివి ఆయనతో చెప్పించం అన్నాను. నా ఉద్యోగం సంగతి చూద్దామన్నాడు. చూసుకోనీ.

కిందికొచ్చి ఆంటీకి ఆటో మాట్లాడాను. నేనూ వస్తానంటే వద్దంది. ఎక్కి, ఒక పక్కకు జరిగి, చేతిసంచి ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. ఆటో కదిలి చాయ్ బండ్లు దాటి మలుపు తిరిగేదాకా చూశాను. సీటంతా ఖాళీగానే ఉంది, ఆవిడ మాత్రం పక్కన ఇంకొకరు పట్టేంత చోటు వదిలి అంచునే కూర్చుని వెళ్లింది.