పీతల తరఫున అప్పలరాముడి మాఫీ

తప్పు ఎవరిదైనా సరే, అది తనదేనని మీదేసుకోకపోతే అప్పలరాముడికి తిన్న కూడు అరగదు. జంగ్లీఘాట్ రేవు బస్తీ మొత్తం మీద ఊరందరి సిగ్గూ ఇంత ఇష్టంగా మోసే మనిషి ఇంకొకడు లేడు. ఇష్టంగా మోసేది అతను. నిజంగా సిగ్గుతో చచ్చేది మాత్రం అతని పెళ్ళాం సీతాలు.

చెన్నై నుంచి దీవికి రావలసిన షిప్పు ఒకసారి రోజంతా ఆలస్యమైంది. చుట్టాలకి ఎదురెళ్ళిన అప్పలరాముడు గేటు దగ్గర నిలబడి, దిగిన ప్రతివాళ్ళకీ దండం పెట్టడం మొదలెట్టాడు. "షిప్పు లేటయిపోనాది. తప్పు నాదే, మాఫ్ చెయ్యండి." ఆ షిప్పుతో అతనికున్న సంబంధమల్లా అందులో ఒకసారి వాంతి చేసుకోవడమే. అయినా ఒక పెద్దమనిషి అతన్ని ఆఫీసరనుకుని, ఫ్యాను తిరగలేదనీ అన్నంలో రాయి వచ్చిందనీ నిలబెట్టి దులిపేశాడు. అప్పలరాముడు ఫ్యానుకీ మాఫీ అడిగాడు, రాయికీ మాఫీ అడిగాడు. సీతాలు కొంగు నెత్తిమీదికి లాక్కుని, పక్కనున్న బెంగాలీ కుటుంబంతో వచ్చినదానిలా వాళ్ళ సంచీ ఒకటి పట్టుకుని నిలబడింది. వాళ్ళు దొంగ అనుకున్నారు. దానికీ అప్పలరాముడే మాఫీ అడిగాడు.

టీకొట్టు రమణయ్య కూతురి పెళ్ళికి, మర్నాటి భోజనాల్లో చేపల పులుసు ఉప్పు కషాయమైంది. వంటవాడు తల దించుకుని నిలబడితే పంక్తి మధ్యలోంచి అప్పలరాముడు లేచాడు. ఉప్పు తానే వేశానని చేతులు జోడించాడు. అతను వంటపాక వైపు వెళ్ళనే లేదు. అయినా అప్పటినుంచీ బస్తీలో ఏ భోజనాలు జరిగినా, అప్పలరాముణ్ణి పులుసు గిన్నెకి ఆమడ దూరంలో కూర్చోబెట్టడం ఆనవాయితీ అయింది.

"నా ఇజ్జత్ తీసీసినావు" అనేది సీతాలు ఇంటికి రాగానే.

"నిజమే. మాఫ్ చెయ్యి" అనేవాడు అతను. అలాంటి మనిషితో దెబ్బలాట ఎంతసేపని సాగుతుంది?

వాళ్ళకి ఒక్కడే కొడుకు, కన్నబాబు. పాతికేళ్ళవాడు, నెమ్మదస్తుడు. ఆ ఏడు వేట నిషేధం ఎత్తేసిన రోజున, తమ కొత్త ఇంజను పడవ మీద సరంగుగా మొదటిసారి చుక్కాని పట్టాడు. గంగమ్మకి కొబ్బరికాయ కొట్టి, పడవకి పూలదండలు చుట్టి, పూజారినీ బ్యాండువాళ్ళనీ బస్తీ పెద్దలనీ ఎక్కించుకుని బయలుదేరాడు. ఒడ్డున జనం చప్పట్లు కొట్టారు. ఆ చప్పట్లకి మురిసి వాడు ఇటు చెయ్యి ఊపుతూ ఉంటే, పడవ అటు వెళ్ళి రేవుకి ఎదురుగానే ఉన్న ఇసుకదిబ్బ మీద కూర్చుంది. అది నీళ్ళు తీసే వేళ. సముద్రం వెనక్కి పోయింది గాని పడవ పొదిగే కోడిలా దిగనంది. మళ్ళీ నీళ్ళెక్కేదాకా అందరూ దాని మీదే ఉన్నారు. బ్యాండువాళ్ళు వచ్చిన పాటలన్నీ అయిపోయి మళ్ళీ మొదటినుంచీ అందుకున్నారు. పూజారి అమ్మవారి నైవేద్యం తినేశాడు.

అప్పలరాముడు నడుములోతు నీళ్ళలో నడిచి వెళ్ళి, చుక్కాని తానే సరిగ్గా బిగించలేదని ఒక్కొక్కరికీ మాఫీ చెప్పాడు. ఎవరూ నమ్మలేదు. కన్నబాబు చెయ్యి ఊపడం బస్తీ అంతా కళ్ళారా చూసింది. లోకంలోని తప్పులన్నీ అతని మీద అతుక్కున్నాయి గాని, ఆ ఒక్క తప్పు మాత్రం అతుక్కోలేదు.

రేవులో నోటికి పెద్ద మల్లేశు, కన్నబాబుకి ఆ సాయంత్రమే "పార్కింగ్" అని పేరు పెట్టాడు. పిల్లల దగ్గర్నుంచి పోలీసుల దాకా అందరికీ ఆ పేరు నచ్చేసింది. రేవుకి వెళ్ళాలంటే టీకొట్టు దాటాలి, టీకొట్టు దాటాలంటే ఆ పేరు వినాలి. కన్నబాబు రేవే మానేశాడు. పడవ మీద సరంగుగా మల్లేశునే కుదుర్చుకోవలసి వచ్చింది. కన్నబాబు ఇంట్లో గోడ వైపు తిరిగి ఫోను చూస్తూ పడుకునేవాడు. కొత్త సంవత్సరం రాగానే, రోజంతా బస్సు ప్రయాణమయ్యే డిగ్లీపూర్‌లో మేనమామ సిమెంటు కొట్లో చేరిపోతానని, మళ్ళీ చుక్కాని ముట్టుకోనని చెప్పేశాడు. ఆ మాట విన్నప్పటినుంచీ బజారులో చేపలమ్మే సీతాలు చిల్లర లెక్క తప్పుతూనే ఉంది.

ఒక సోమవారం పొద్దున కన్నబాబు ఫోనులో అమెరికావాళ్ళ ఫుట్‌బాల్ వస్తోంది. అక్కడ ఆదివారం రాత్రి ఆడే ఆట ఇక్కడికి సోమవారం పొద్దుటికి చేరుతుంది. పేరు ఫుట్‌బాలే గాని కాలితో తన్నేది తక్కువ. హెల్మెట్లు పెట్టుకున్న దిట్టమైన మనుషుల్లో ఒకడు, కొబ్బరికాయలాంటి బంతిని చంకలో ఇరికించుకుని పరిగెడతాడు. మిగతావాళ్ళు అతని మీద గుట్టగా పడతారు. అప్పలరాముడు కాసేపు చూసి, ఓడిపోతున్నది ఎవరని అడిగాడు. హెల్మెట్ మీద ఎర్రపీత బొమ్మ ఉన్నవాళ్ళని కన్నబాబు చూపించాడు. కోట్లు జీతాలు తీసుకునే పెద్ద జట్టేనట, కిందటేడు మాత్రం ఒక్క ఆటా గెలవలేదట.

"అయితే ఆళ్ళు మనోళ్ళు" అన్నాడు అప్పలరాముడు.

ఆ వారమే తన స్కూటర్ హెల్మెట్ మీద, పడవకి వెయ్యగా మిగిలిన ఎర్రరంగుతో పీత బొమ్మ వేసుకున్నాడు. అది అచ్చం సాలీడులా వచ్చింది. మరుసటి సోమవారం చేపల వేలంపాట మొదలవబోతుండగా, ఆ హెల్మెట్ పెట్టుకుని రేవు మధ్యలో నిలబడ్డాడు. "మావోళ్ళు మళ్ళీ ఓడిపోనారు. తప్పు నాదే, మాఫ్ చెయ్యండి."

ఎవరు ఓడిపోయారో, ఎక్కడ ఓడిపోయారో ఎవరికీ తెలియదు. తెలిశాక రేవంతా పడీ పడీ నవ్వింది. ఆ రోజునుంచీ సోమవారం వస్తే వేలంపాట కంటే ముందు పీతల మాఫీ జరగాల్సిందే. హెల్మెట్ మీద సాలీడెందుకని మలయాళీ వ్యాపారులు అడిగితే, అతను పీత తరఫున కూడా మాఫీ అడిగేవాడు. వద్దన్నా వినకుండా ఆట వివరించేవాడు. "ఆ ఆటలో నాలుగు మాట్లు పడిపోవచ్చు బావూ. పడిపోయినోడిని ఎవుడూ ఏటీ అనడు. లెగిసి మళ్ళీ నిలబడతాడు."

"మీ పీతలు ఐదో మాటు కూడా పడిపోతన్నాయి గదా మావా" అనేవాడు మల్లేశు.

సీతాలు బజారులో తలెత్తలేకపోయింది. పక్కన కూర్చుని చేపలమ్మే గవరమ్మ, ఈ వారం మీ పీతలు ఎంతకి చిత్తయ్యాయి వదినా అని పలకరించేది. కొనడానికి వచ్చిన టీచరమ్మలు కూడా, హెల్మెట్ తాతగారి భార్య మీరేనా అని అడిగి మరీ చేప బేరమాడేవారు. సిగ్గుతో ఆమె కాసింత తగ్గించి ఇచ్చేసేది. ఇంటికెళ్ళి హెల్మెట్‌ని బియ్యం డబ్బాలో దాచింది. సోమవారం పొద్దున అతను బియ్యం గింజలు రాలుస్తూనే రేవుకి వెళ్ళాడు.

ఇంట్లో మాత్రం ఒక చిన్న వింత జరిగింది. అప్పలరాముడు ఆటని మరీ తప్పుగా చెబుతుంటే వినలేక, కన్నబాబు గోడ వైపునుంచి ఇటు తిరిగాడు. తర్వాత లేచి కూర్చున్నాడు. ఇంకో వారానికి, అరుగు మీద నిలబడి పక్కింటివాళ్ళకి అసలు రూలు ఏమిటో చెప్పి లోపలికి వెళ్ళాడు.

నవంబరులో పీతల జట్టులో బంతి విసిరే మొనగాడికి భుజం పట్టేసింది. ఇంకే జట్టూ వద్దనుకుంటే తెచ్చి బెంచీ మీద కూర్చోబెట్టుకున్న ఒకతన్ని దింపారు. అతను పడ్డాడు, లేచాడు, విసిరాడు. పీతలు గెలిచాయి. మరుసటి వారం కూడా గెలిచాయి. ఆ తర్వాత వాటికి ఓడిపోవడం ఎలాగో మరిచిపోయినట్టయింది.

జంగ్లీఘాట్ తలకిందులైంది. రమణయ్య టీకొట్టులో పెద్ద టీవీ పెట్టాడు. సోమవారం వేలంపాట ఆట అయ్యేదాకా ఆగింది, ఐసు కరిగింది, చేపలు విసుక్కున్నాయి. మల్లేశయితే గొంతు పోయేలా అరిచేవాడు. అప్పలరాముడు కనబడితే కుర్రాళ్ళు "కెప్టెన్ భయ్యా" అని కుర్చీ వేసేవాళ్ళు. సీతాలు పెళ్ళయిన ఇన్నేళ్ళలో మొదటిసారి తలెత్తుకుని బజారుకి వెళ్ళింది. తల మరీ పైకెత్తి ఒకసారి ఐసుబ్లాకు తట్టుకుని పడింది కూడా.

కాని అప్పలరాముడి మొహం రోజురోజుకీ వాడిపోయింది.

"గెలిచినారు గదా, ఆ ఏడుపు మొగమేటి?" అంది సీతాలు.

"ఓ మాటు ఓడిపోతే బాగుణ్ణే" అన్నాడు అతను నిట్టూర్చి.

ఈ మనిషికి సిగ్గుపడితే గాని నిద్ర పట్టని రోగం ముదిరిపోయిందనుకుంది ఆమె.

డిసెంబరు చివర ఒక పొద్దున బజారులో గవరమ్మ తీరిగ్గా వక్క కొరుకుతూ, "మీ ఆయన్ని చూసి నవ్వుకుందారంటే ఇప్పుడేటీ లేదు వదినా. అన్నట్టు మీ పార్కింగ్ డిగ్లీపూర్ ఎప్పుడెల్తన్నాడు?" అంది.

సీతాలు చేతిలో కత్తి చేప మధ్యలో ఆగిపోయింది. ఆ పేరు విని ఎంత కాలమైంది? ఆలోచిస్తే, హెల్మెట్ మీదికి సాలీడు ఎక్కిన రోజునుంచీ ఎవరి నోటా ఆ పేరు వినలేదు. బస్తీకి నవ్వుకోవడానికి ఒక మనిషి కావాలి. కన్నబాబుని వదిలెయ్యండి, నన్ను పట్టుకోండి అని, ఆ పిచ్చి మారాజు హెల్మెట్ పెట్టుకుని మరీ వెళ్ళి నిలబడ్డాడు. తనేమో ఆ హెల్మెట్‌ని బియ్యంలో పూడ్చిపెట్టింది.

అంతకు ముందు పడిన సిగ్గులన్నీ ఒక ఎత్తు, ఆ పొద్దు పడిన సిగ్గు ఒక ఎత్తు. ఇంటికి వెళ్ళి, హెల్మెట్ తీసి తడిగుడ్డతో తుడిచి, చెరిగిపోయిన పీతకాళ్ళకి మళ్ళీ రంగు వేసింది. ఇప్పుడది తేలులా కనిపించింది.

జనవరి మొదటి సోమవారం పీతలకి ఆఖరి ఆట. గెలిస్తే పెద్ద పోటీల్లోకి వెళతాయి. మంగళవారం తెల్లారి కన్నబాబుకి డిగ్లీపూర్ బస్సు. ఆదివారం అప్పలరాముడు గడపగడపకీ తిరిగి, అందరూ టీకొట్టుకి రావాలనీ, రాకపోతే పీతలు ఓడిపోతాయనీ, అప్పుడు తాను మాఫీ అడగననీ బెదిరించాడు. సోమవారం రేవులో కాకులు తప్ప ఎవరూ లేరు. మల్లేశుని టీవీకి ఎదురుగా మొదటి బెంచీలో కూర్చోబెట్టి, చేతికి పకోడీల పొట్లం ఇచ్చింది కూడా అప్పలరాముడే.

ముందురోజు వేసిన వలలు నీళ్ళు తియ్యకముందే ఎత్తి తేవాలి. ఈ మల్లేశు కదలడేమిటని సీతాలు టీకొట్టుకి వచ్చింది. అందరూ టీవీ చూస్తున్నారు. ఒక్క అప్పలరాముడు మాత్రం హెల్మెట్ పెట్టుకుని, టీవీకి వీపు పెట్టి, గుమ్మంలో నిలబడి సముద్రం చూస్తున్నాడు. ఆమె కూడా అటు చూసింది. రేవులో తమ పడవ లేదు. దూరంగా, వలలు ఎత్తుకుని, ఇసుకదిబ్బని బాగా ఎడంగా చుట్టి వస్తోంది. చుక్కాని దగ్గర కన్నబాబు. ఇటు చూడటం లేదు, అటు చూడటం లేదు.

"ఎప్పుడెల్లినాడు?" అంది గొంతు తగ్గించి.

"ఆట మొదలెట్టగానే. రేవులో ఎవుళ్ళూ లేరు, ఎల్తావేటని అడిగినాను. ఏటన్నాడో తెలుసా? ఒక మాటే గదా నాన్నా పడ్డాను, ఇంకా మూడున్నాయి అన్నాడు." అప్పలరాముడు గడ్డం కింద హెల్మెట్ పట్టీ సర్దుకున్నాడు. "నువ్వటు చూడకు. నీ మొగం చూసి అందరూ అటు తిరుగుతారు. టీవీ చూడు."

సీతాలు టీవీ వైపు తిరిగింది గాని కళ్ళు నిలవలేదు. ఓరగా చూస్తే పడవ దిబ్బ దాటేసింది. ఆపుకోలేక గట్టిగా చప్పట్లు కొట్టింది. సరిగ్గా అప్పుడే పీతల చేతిలోంచి బంతి జారిపోయింది. టీకొట్టంతా ఆమెని కొరకొరా చూసింది.

"తప్పు నాదే" అన్నాడు అప్పలరాముడు. "మాఫ్ చెయ్యండి."

చివరికి పీతలే గెలిచాయి. జనం కేకలేసుకుంటూ ఒక్కసారిగా రేవు మీదికి పొర్లారు. అప్పుడే పడవ రేవుకి చేరుతోంది. అంతమందిని చూసి కన్నబాబు చెయ్యి తడబడింది. పడవ గట్టుకి కట్టిన టైర్లని గట్టిగా గుద్దింది. ఆ అదురుకి గట్టు అంచున పెట్టిన గవరమ్మ ఐసుపెట్టె నీళ్ళలోకి దొర్లింది.

అందరూ తిరిగి చూశారు. కన్నబాబు తల వాలిపోయింది. మల్లేశు నోరు తెరిచాడు. ఏ మాట రాబోతోందో సీతాలుకి తెలుసు. మనుషుల్ని తోసుకుని ముందుకొచ్చి రెండు చేతులూ జోడించింది.

"తప్పు నాదే. నేనే చెయ్యి ఊపినాను, గుంటడు ఇటు చూసినాడు. మాఫ్ చెయ్యండి."

ఆమె చెయ్యి ఊపనే లేదు. ఒక్క క్షణం ఎవరికీ ఏమీ అర్థం కాలేదు. తర్వాత గవరమ్మే ముందు నవ్వింది, ఈవిడకి కూడా అంటుకుందని. ఇక రేవంతా నవ్వింది, సీతాలుని చూసి. ఆ నవ్వుల్లో కన్నబాబు తాడు విసిరాడు. మల్లేశు తెరిచిన నోరు తెరిచినట్టే ఉంచి, అలవాటు కొద్దీ తాడు అందుకుని కట్టేశాడు.

అప్పలరాముడు పెళ్ళాం పక్కకి వచ్చాడు. మొహం కందగడ్డలా ఉంది.

"నలుగురిలో నా ఇజ్జత్ తీసీసినావు గదే" అన్నాడు.

"నిజమే. మాఫ్ చెయ్యి" అంది సీతాలు. అతని నెత్తిమీది హెల్మెట్ తీసి తను పెట్టుకుని, ఐసుపెట్టె సంగతి మాట్లాడటానికి గవరమ్మ దగ్గరికి నడిచింది.

మర్నాడు డిగ్లీపూర్ బస్సులో కన్నబాబు సీటు ఖాళీ. సీటు వృథా అయినందుకు కండక్టరుకి మాఫీ చెప్పడానికి మొగుడూ పెళ్ళాం ఇద్దరూ వెళ్ళారు. ముందు నేను చెబుతానంటే నేను చెబుతానని బస్సు మెట్ల మీద వాళ్ళు వాదులాడుకోవడంతో బస్సు ఆలస్యమైంది. దానికి మాత్రం ప్రయాణికులకి కండక్టరే మాఫీ చెప్పుకున్నాడు.